తెల్లారేసరికి రెండు చేపలు

పొద్దున్న 6:15కి ఫోను మోగింది. చూస్తే మా మనవడు. ఆ వేళకి లేచే అలవాటు లేనివాడు లేచి ఫోను చేశాడంటే ఏదో అయ్యుంటుందనుకుంటూ ఎత్తాను. "తాతయ్యా, టాంగ్ చచ్చిపోయింది. బ్యానర్ కూడా. రాత్రి మేత వేస్తే ఎగబడి తిన్నాయి. తెల్లారేసరికి రెండూ అడుగున పడున్నాయి" అన్నాడు. ఆ పైన వాడికి మాట రాలేదు.

వాడు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ రెండో ఏడు. నేనుండేది భీమవరంలో. కాలేజీలో 31 ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ణి కాబట్టి మా ఇళ్లల్లో ఏ ప్రాణికి నలత చేసినా కబురు ముందు నాకే వస్తుంది. చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో వాడు హాల్లో 150 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నాడు. అందులో పౌడర్ బ్లూ టాంగ్ అని ఒకటుండేది. ఆకాశం రంగు ఒళ్లు, నల్లటి మొహం, వీపు మీద నిమ్మపండు రంగు రెక్క. మన హిందూ మహాసముద్రం చేపే. బ్యానర్ ఫిష్ ఒకటి, నలుపూ తెలుపూ పట్టీలు, వీపు మీంచి తెల్లటి రిబ్బనులా వెనక్కి సాగిన పొడుగాటి రెక్క. ఇవి కాక నారింజ రంగు క్లౌన్ చేపలు రెండు, నీలం డాంసెల్ ఒకటి, ఎర్రచారల రొయ్య ఒకటి, నాలుగు నత్తలు.

"మిగతావాటి సంగతి ముందు చూద్దాం, వీడియో పెట్టు నాన్నా" అన్నాను.

పెట్టాడు. పంపు తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, నీళ్లు అద్దంలా ఉన్నాయి. అయితే క్లౌన్ చేపలు రెండూ వాటి చోటు వదిలేసి పైన ఒక మూలకు చేరాయి. మూతులు నీటి పైపొరకు ఆనించి, మొప్పల మూతలు టపటపా ఆడిస్తున్నాయి. నాకు ఒళ్లు జలదరించింది. భీమవరంలో చెరువు గట్టు మీద నిలబడి అలాంటి మూతుల్ని వేలల్లో చూసినవాణ్ణి. "అక్వేరియం మూత తీసెయ్. ఒక గిన్నె తెచ్చుకో. నీళ్లు ముంచి జానెడెత్తు నుంచి మళ్లీ అందులోనే పొయ్యి. నేను ఆపమనేదాకా పోస్తూనే ఉండు" అన్నాను.

వాడు అప్పటికే బకెట్లలో కొత్త ఉప్పునీళ్లు కలపబోతున్నాడు, ఉన్న నీళ్లన్నీ పారబోసి మార్చేద్దామని. వద్దన్నాను. చేప చచ్చిందంటే నీళ్లు పాడయ్యాయని, పాడైన నీళ్లు మార్చెయ్యాలని ఎవరికైనా తోస్తుంది. కానీ అప్పటికప్పుడు కలిపిన ఉప్పునీళ్లు కుదురుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. వేడి, ఉప్పు, క్షారగుణం అన్నీ ఒక్కసారిగా మారితే కొనప్రాణంతో ఉన్న చేప ఆ మార్పుకే పోతుంది. పైగా ఏం జరిగిందో చెప్పే సాక్ష్యమంతా డ్రైనేజీలో కలిసిపోతుంది. అందుకని ఒక సీసాలో ఆ నీళ్లు నింపి పక్కన పెట్టమన్నాను.

అరగంట పోశాడు, చేతులు మార్చుకుంటూ. మూలన ఉన్న క్లౌన్ చేపలు మెల్లగా కిందికి దిగాయి. అప్పుడు మొదలుపెట్టాను నా ప్రశ్నలు.

ఇలాంటప్పుడు అందరూ చచ్చినవాటి చుట్టూనే తిరుగుతారు. నేను బతికినవాటి దగ్గర మొదలుపెడతాను. చచ్చిన చేప ఒక్క సంగతే చెబుతుంది. బతికినవి పది చెబుతాయి, ఏది కారణం కాదో కూడా చెబుతాయి. ఎవరు పోయారు, ఎవరు మిగిలారు, అందరూ ఒక్క రాత్రే పోయారా, రోజుకొకరు చొప్పున పోయారా, కొత్తగా వచ్చినవే పోయాయా? ఇవి తేలితే టెస్ట్ కిట్ తెరవకముందే సగం దారి వచ్చేసినట్టు.

"రొయ్య ఎలా ఉంది?"

"రాయి మీద కూర్చుని మీసాలు ఆడిస్తోంది తాతయ్యా."

ఆ ఒక్క మాటతో పెద్ద అనుమానం ఒకటి తీరిపోయింది. పెళ్లికి వచ్చిన చుట్టాలతో ఇల్లు నిండుగా ఉందని, దోమలకని రాత్రి హాల్లో మందు పెట్టారని వాడు ముందే చెప్పాడు. మన ఇళ్లలో వాడే దోమల మందుల్లో చాలావాటిలో ఉండేవి పైరెత్రాయిడ్లు. చామంతి జాతి పువ్వు ఒకదానిలో ఉండే విషాన్ని చూసి, ఆ పోలికలో తయారుచేసినవి. మన శరీరం వాటిని తొందరగా విరిచేసుకుంటుంది, చేపకు ఆ శక్తి తక్కువ. రొయ్య అయితే పురుగులకు దాయాది, పురుగుల మందు దానికి మరీ ప్రమాదం. గదిలో గాలిని పీల్చి నీళ్లలోకి బుడగలుగా వదిలే ఎయిర్ పంపు ఉంటే ఆ మందు కూడా నీళ్లలోకి చేరుతుంది. అక్వేరియం ఉన్న గదిలో పురుగుల మందు కొట్టొద్దని నేను అందరికీ చెబుతాను. కానీ ఆ రాత్రి నేరం దానిది కాదు. విషమే అయితే ముందు పోయేది రొయ్య. రాగి సంగతీ అంతే. చేపల ఒంటి మీది పరాన్నజీవులకు రాగి మందు వేస్తారు. ఆ మందు ఉన్న నీళ్లలో రొయ్యలూ నత్తలూ బతకవు. ఇక్కడ నాలుగు నత్తలూ అద్దం మీద పాకుతున్నాయి.

జబ్బేమో? సముద్రపు చేపలకు వెల్వెట్ అని ఒక పాడు జబ్బుంది. ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టుంటుంది. కంటికి కనిపించని ఆ పరాన్నజీవి మొప్పల్లో చేరి, తిని, రాలి అడుగున గూడు కట్టుకుని, ఒకటి 256 దాకా పిల్లలై మళ్లీ చేపల మీదికి వస్తుంది. రెండు మూడు రోజుల్లో అక్వేరియమంతా ఖాళీ చెయ్యగలదు. అయితే అది ముందు మేత మాన్పిస్తుంది, చేపల్ని మూలలకు తోస్తుంది. ఇవి రాత్రి ఎగబడి తిన్నాయి. బతికినవాటి ఒళ్లు టార్చి వేసి పక్కవాటుగా చూపించమన్నాను. ఎక్కడా పొడి లేదు.

ఇక ఉప్పు. హైడ్రోమీటర్ 1.025 చూపించింది, అంటే లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన సముద్రమంత ఉప్పు, సరిగ్గా ఉంది. ఇది మావాడికి మొదట్లో బొత్తిగా తెలియని విషయం. నీళ్లు ఆవిరై తగ్గితే మళ్లీ ఉప్పునీళ్లే పోసేవాడు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు, కాబట్టి తగ్గినదానికి మంచినీళ్లే పొయ్యాలి. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి ఊట ఎలా దిగుతుందో వాళ్ల అమ్మమ్మ దగ్గర వాడు చూసే ఉంటాడు. సముద్రపు చేప పరిస్థితి ఆ మామిడి ముక్క పరిస్థితే. దాని రక్తంలో ఉప్పు సముద్రంలోని దానిలో మూడో వంతు మాత్రమే. అందుకని రాత్రింబవళ్లు ఒంట్లోంచి నీరు బయటికి ఊరిపోతూనే ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి చేప సముద్రం నీళ్లే తాగుతుంది, తాగిన ఉప్పును మొప్పల్లోంచి బయటికి తోసేస్తుంది. నీళ్ల మధ్యనే ఉండి దాహంతో బతికే ప్రాణి అది. చుట్టూ ఉప్పు పెరిగిన కొద్దీ ఆ తోడిపోతకే దాని బలమంతా ఖర్చవుతుంది.

తరవాత అమోనియా. మొప్పల్లోంచి చేప వదిలే వ్యర్థం ఇదే. రాళ్ల మీదా ఇసకలోనూ కాపురముండే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ సైన్యం తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త అక్వేరియంలో మొదటి వారమే చేపలు వేసేవాళ్లు దుఃఖపడేది అందుకే. మావాడిది ఏడాదిన్నర నాటిది. కిట్‌లో చుక్కలు వేశాడు, నీళ్లు పసుపుగానే ఉన్నాయి, ఆకుపచ్చకు తిరగలేదు. అమోనియా లేదు.

అమోనియా మాట వచ్చింది కాబట్టి ఇంకో చావు సంగతి చెప్పాలి, ఆరు నెలల కిందటిది. అప్పుడు మేమిద్దరం ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు, తరవాత తెలిసింది. వేరే ఊరి నుంచి ప్లాస్టిక్ సంచిలో ఒక చేప వచ్చింది, ఒక రోజంతా ప్రయాణం చేసి. వీడు సంచి విప్పి, పుస్తకంలో చెప్పినట్టు సన్నటి గొట్టంతో అక్వేరియం నీళ్లు చుక్కచుక్కగా సంచిలోకి వదులుతూ రెండు గంటలు ఓపిక పట్టాడు. అలవాటు పడాలని ఎంతో జాగ్రత్తగా చేశాడు. ఆ రెండు గంటలు కాకముందే చేప పక్కకు ఒరిగిపోయింది.

జరిగిందేమిటంటే, మూసిన సంచిలో చేప ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. దానివల్ల నీటి పీహెచ్ దిగిపోతుంది. అలాంటి నీటిలో అమోనియా దాదాపు అంతా అమోనియంగా మారి ఉంటుంది. అది మొప్పల్లోకి సులువుగా దూరలేదు, కాబట్టి అంత హాని లేదు. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. పైగా అక్వేరియం నీళ్లు 8.2 పీహెచ్‌వి. చుక్కచుక్కకీ సంచిలో పీహెచ్ ఎక్కుతుంది, నిద్రపోతున్న అమోనియా లేస్తుంది. పీహెచ్ 7 దగ్గర విషరూపంలో నూటికి ఒక పాలు కూడా లేనిది 8.2కి వచ్చేసరికి ఏడెనిమిది పాళ్లవుతుంది. ప్రయాణమంతా చేపను కాపాడింది ఆ మూసిన సంచే. విప్పాక అదే నీటిలో రెండు గంటలు ఉంచడమే ముప్పయింది. ఇప్పుడు మావాడు మూసిన సంచినే పావుగంట నీళ్ల మీద తేల్చి వేడి సమానం చేస్తాడు. సంచిలో ఉప్పు ఎంతుంటుందో అమ్మినవాళ్లను ముందే అడిగి, అంతే ఉప్పున్న నీళ్లు వేరే డబ్బాలో సిద్ధం చేసుకుంటాడు. సంచి విప్పగానే చేపను మాత్రం అందులోకి మారుస్తాడు, సంచిలోని నీళ్లు పారబోస్తాడు.

మళ్లీ ఆ పొద్దుటి సంగతికి వస్తాను. విషం కాదు, జబ్బు కాదు, ఉప్పు కాదు, అమోనియా కాదు. నీటి వేడి 30 డిగ్రీలు, కొంచెం ఎక్కువే కానీ దానికదే చంపదు. "పోయిన చేపల మొహాలు దగ్గరగా చూపించు" అన్నాను. వాడికి అది కష్టంగానే ఉండుంటుంది, అయినా చూపించాడు. టాంగ్ నోరు బార్లా తెరుచుకుని ఉంది. మొప్పల మూతలు రెండు పక్కలా విచ్చుకుని అలాగే బిగుసుకుపోయాయి. బ్యానర్‌దీ అంతే. ఊపిరి కోసం చివరిదాకా పెనుగులాడిన చేప మొహం అది.

పైగా పోయినవి రెండూ అక్వేరియంలో అందరికన్నా పెద్దవి. మిగిలినవి చిన్నవి. ఇదీ మా చెరువుల దగ్గర తెలిసిందే. ఆక్సిజన్ పడిపోయినప్పుడు ముందు పోయేవి పెద్ద చేపలు. చిన్నవి పైపొరకు చేరి, గాలి తగిలే ఆ సన్నటి నీటినే పీలుస్తూ నెట్టుకొస్తాయి.

మనం పీల్చే గాలి లీటరులో ఆక్సిజన్ సుమారు 270 మిల్లీగ్రాములు. 25 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు 8 పట్టడమే గొప్ప. నీళ్లలో ఉప్పు చేరితే ఆక్సిజన్‌కు చోటు తగ్గుతుంది, వేడి చేరితే ఇంకా తగ్గుతుంది. 30 డిగ్రీల ఉప్పునీళ్లు, నిండుగా ఉన్నప్పుడే, లీటరుకు 6 మిల్లీగ్రాములు మాత్రం పట్టుకుంటాయి. అంటే మావాడి 150 లీటర్లలోనూ కలిపి 900 మిల్లీగ్రాములు, ఒక్క గ్రాము కూడా కాదు. వంద గ్రాముల చేప గంటకు ఉరామరికగా 20 నుంచి 30 ఖర్చు చేస్తుంది. అలాంటివి రెండు. చిన్న చేపలు, రొయ్య, నత్తలు. లైటు ఆర్పాక రాళ్ల మీది నాచు కూడా ఆక్సిజన్ ఇవ్వడం మానేసి తీసుకోవడం మొదలుపెడుతుంది. అమోనియాను శుభ్రం చేస్తాయని ఇందాక మెచ్చుకున్నామే, ఆ బాక్టీరియాకూ ఊపిరి కావాలి. తినగా మిగిలిన మేత కుళ్లడానికీ కావాలి. రోజూ ఈ లెక్క సరిపోతున్నదంటే కారణం ఒక్కటే, పంపు నీటిని పైకీ కిందికీ తిప్పుతూ గాలికి తగిలిస్తోంది. నిలవనీటిలో ఆక్సిజన్ తనంతట తాను పాకడం గాలిలో కన్నా పదివేల రెట్లు నిదానం. పైన గాలి ఉన్నా జానెడు లోతున ఉన్న చేపకు అందదు.

"రాత్రి పంపు ఆగిందా?"

"లేదు తాతయ్యా, నేను లేచేసరికి తిరుగుతూనే ఉంది. కరెంటు కూడా పోలేదు."

"నువ్వు లేచేసరికి సరే. రాత్రి?"

వాడు జవాబు వెతుక్కుంటుంటే వెనకాల వంటింటి గుమ్మంలోంచి మా కోడలి గొంతు వినిపించింది. "మావయ్యగారూ, నేనే ఆపానండి. అక్కయ్యా వాళ్లు హాల్లో పడుకున్నారు. పంపు గుర్రుమంటుంటే పసివాడు లేచిపోతున్నాడని పదకొండింటికి స్విచ్చి తీసేశాను. పొద్దున్న అయిదున్నరకి పాలు పెట్టడానికి లేచినప్పుడు గుర్తొచ్చి మళ్లీ వేశాను." ఆ అమ్మాయి గొంతులో దడ తెలుస్తూనే ఉంది. నిద్రపోతున్న పసివాడి కోసం చేసిన పని అది, ఎవరైనా చేస్తారు. ఆరున్నర గంటలు పంపు ఆగితే ఏమవుతుందో నేనూ ఎప్పుడూ ఆ ఇంట్లో చెప్పలేదు. ఆ మాటే ఆవిడతో అన్నాను, "చెప్పాల్సింది నేనమ్మా" అని.

మిగతాదంతా దాని వెనకే దొరికింది. చుట్టాల పిల్లలు ముచ్చటపడి సాయంత్రం నాలుగుసార్లు మేత వేశారు. ఏసీ గాలికి దుమ్ము పడుతుందని మూత గట్టిగా బిగించారు. నీటి మీద సన్నటి నూనె తెట్టు కట్టింది. అన్నీ కలిసి ఒక్క రాత్రిలో.

ఆక్సిజన్ లోటు ఇంత కష్టపెట్టేది ఎందుకంటే అది జాడ మిగల్చదు. విషం నీళ్లలో ఉంటుంది, అమోనియా కిట్‌లో రంగు చూపిస్తుంది. ఆక్సిజన్ లోటు మటుకు పంపు వేశాక మెల్లగా తీరిపోతుంది. తెల్లారి ఎవరు ఏ పరీక్ష చేసినా నీళ్లు బాగానే ఉన్నాయంటుంది. అందుకే ఎంతోమంది ఈ చావులకు తప్పుడు కారణాలు కట్టి, లేని జబ్బుకు మందులు పోసి, మిగిలినవాటిని కూడా పోగొట్టుకుంటారు. మా ఊరి ఆక్వా రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున మూడింటికి టార్చి పట్టుకుని చెరువు గట్టు మీద తిరుగుతాడు. పగలంతా ఎండకు ఆక్సిజన్ ఇచ్చిన పచ్చటి నీరు రాత్రంతా దాన్ని తినేస్తుందనీ, సూర్యోదయానికి ముందు వేళే గండమనీ, ముందురోజు మబ్బు పట్టి ఉంటే మరీ గండమనీ అతనికి తెలుసు. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోతే జనరేటర్ అందుకునేలోపు అతని గుండె ఎలా కొట్టుకుంటుందో పక్కన నిలబడి చూశాను. ఏమీ లేని రోజుల్లో ఇంజను పెట్టి చెరువు నీళ్లే తోడి చెరువులోకే విరజిమ్మేవాళ్లు.

మావాడి చేత గిన్నెతో పోయించింది అదే పని. ఈ ఉపాయం చాలా పాతది. 1846లో అన్నా థిన్ అనే ఇంగ్లండు ఇల్లాలు టార్కీ సముద్రతీరంలో బతికున్న పగడపు జీవుల్ని సేకరించి, లండన్‌లో తన ఇంటికి తెచ్చుకుంది. సముద్రం దూరం, రోజూ కొత్త నీళ్లు తెప్పించడం కుదిరే పని కాదు. పనమ్మాయి చేత ఆ నీళ్లనే తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంట నుంచి ముప్పావుగంటసేపు ఎత్తి పోయించేది. పంపులు లేవు, కరెంటు లేదు, ఆక్సిజన్ కొలిచే మీటరు లేదు. అయినా పగడాలు బతికాయి. లండన్ జూలో జనం చూడ్డానికి మొదటి అక్వేరియం తెరిచింది 1853లో, అంటే ఈవిడ తరవాత ఏడేళ్లకు. ఆ పనమ్మాయి పేరు ఏమిటోనని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఉప్పునీటి అక్వేరియానికి తొలి ఏరియేటర్ ఆ అమ్మాయి చేతులే కదా.

మర్నాడే మావాడు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొన్నాడు. కరెంటు పోగానే తనంతట తనే మొదలవుతుంది. పెద్ద పంపు మూతిని పైకి తిప్పాడు, నీటి మీద ఎప్పుడూ చిన్న అల కదులుతూ ఉంటుంది, తెట్టు కట్టదు. బిగించే మూత తీసేసి వల మూత పెట్టాడు. కోడలు ఆ స్విచ్చి మీద తెల్ల ప్లాస్టరు అంటించి "ఆపకూడదు" అని రాసింది. పంపు కింద రబ్బరు ముక్క పెడితే గుర్రుమనే చప్పుడు సగానికి పైగా తగ్గింది. ఆ ముక్క ముందే పెట్టి ఉంటే అనుకుని నాకు చాలా రోజులు బాధగా ఉండేది.

ఇంకో టాంగ్ కొంటానన్నాడు, వద్దన్నాను. దిబ్బల వెంట రోజంతా తిరిగే చేప అది, 150 లీటర్లు దానికి గది కాదు, సందు. కొన్నాళ్లు అలిగాడు. తరవాత మానేశాడు.

వాడికి ఒక పని అప్పజెప్పాను. రాత్రి లైటు ఆర్పేముందు, పొద్దున్న లైటు వేసేముందు, గడియారం పెట్టుకుని ఒక్కో క్లౌన్ చేప మొప్పల మూత పావు నిమిషంలో ఎన్నిసార్లు ఆడుతోందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం. ఆ పొద్దున గిన్నెతో పోసేటప్పుడు పెద్దదానికి 160 వచ్చింది. మామూలుగా ఎంత ఉంటుందో తెలియకపోతే ఎక్కువో తక్కువో ఎలా తెలుస్తుంది? అందుకని రోజూ రాస్తున్నాడు. చుట్టాల పసివాడి అక్క, ఏడేళ్ల పిల్ల, సెలవులకు వచ్చినప్పుడు ఆ పుస్తకం తనే తీసుకుని అద్దానికి ముక్కు ఆనించి కూర్చుందిట. నిన్న ఫోనులో నాకు చదివి వినిపించింది, "పెద్దది 92, చిన్నది 104, రొయ్యకి మొప్పలు కనిపించట్లేదు తాతగారూ, దాన్ని ఎలా లెక్కపెట్టాలి?" అని.